రాలని జుట్టు

సా దెక్
ఏప్రిల్ 20

చెల్లీ న్యుంగ్,

క్షేమంగా ఇల్లు చేరాను. రెండో విడత మందు మొదటిదానికంటే కాస్త గట్టిగానే పట్టుకుంది. బస్సులో మీ బావ దారి పొడుగునా "వాంతి వస్తోందా? వస్తోందా?" అని అడుగుతూనే ఉన్నారు. రాని వాంతిని పిలిచి తెప్పించేలా ఉన్నారు.

ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఈ ఇంట్లో ఫోన్ మోగితే అత్తగారు, మీ బావ, నీళ్ళ మీది పూలమంచెల దగ్గర పనివాళ్ళు అందరూ మూగి స్పీకర్ పెట్టమంటారు. నా కడుపు సంగతులు అంతమంది ముందు ఎలా చెప్పను? అందుకని నీకు పంపే ఎండుచేపల పొట్లంలో ఈ ఉత్తరం పెట్టి సైగాన్ బస్సు డ్రైవరుకు ఇస్తున్నాను. జవాబు కూడా అతనికే ఇవ్వు.

చల్లటివి ముట్టుకోవద్దని చెప్పావు. మరిచిపోయి ఫ్రిజ్‌లోంచి కొర్రమీను తీశాను. వేళ్ళలో కరెంటు పాకినట్టయి చేప కింద పడింది, పిల్లి పండగ చేసుకుంది. ఈ ఎండల్లో ఊరంతా ఐసు టీ తాగుతుంటే నేనొక్కదాన్నే వేడినీళ్ళు తాగుతున్నాను. ఎదురింటి హన్ వదిన చూసి, "ఏమిటి థామ్, ఈ వయసులో పురుడా?" అంది. ఆవిడకు నా మీద ఒక కన్నుంది. "సైగాన్ పెద్దాసుపత్రి అంటున్నారు, కొంపదీసి ఆ జబ్బు కాదు కదా?" అని కూడా అడిగింది. నేను ముడి విప్పి జుట్టంతా ముందుకు వేసి, "లాగి చూడు. ఆ జబ్బు మందు పడితే ఇది నెత్తి మీద ఉంటుందా? పేగులో పుండు" అన్నాను. నోరు మూసుకుని వెళ్ళిపోయింది.

ఇంకా బయట దొరకని కొత్త మందు, పరిశోధనలో చేరినవాళ్ళకే ఇస్తారు అన్నావు. నువ్వు అక్కడ నర్సువి కాబట్టే నాకు చోటు దొరికిందని మీ బావ అందరికీ చెప్పుకుంటున్నారు. ఎరువుల కొట్టు బిల్లయినా రెండుసార్లు చదవందే పైసా ఇవ్వని దాన్ని, నువ్వు వేలు పెట్టి చూపించిన చోటల్లా చదవకుండా సంతకాలు పెట్టాను. తోబుట్టువు ఆసుపత్రిలో ఉంటే ఎంత సుఖమో చూశావా!

మాత్రలు పొద్దున, సాయంత్రం అన్నం తినగానే వేసుకుంటున్నాను. దిగులు పెట్టుకోకు.

నీ అక్క

* * *

సైగాన్
మే 2

అక్కా,

చేపలు అందాయి. డ్రైవరు "పొట్లంలో ఏముందో గానీ బస్సంతా నన్ను తిట్టారు" అన్నాడు. ఈసారి ఇంకో సంచిలో కూడా చుట్టు.

ఒక్కమాట. మందు ఎక్కించే గదిలో పక్క కుర్చీల వాళ్ళతో కబుర్లు పెట్టుకోకు. అక్కడికి రకరకాల జబ్బులవాళ్ళు వస్తారు. ఎవరి భయం వాళ్ళు నీకు అంటిస్తారు. నీకేదైనా సందేహం వస్తే నన్నడుగు. నేనే చెప్తాను.

మందు విడతలయ్యాక రోజూ కాసేపు ఒక యంత్రం కింద పడుకోబెడతారు. వెలుతురుతో పుండును మాడ్చడమే, నొప్పి ఉండదు. ఆ అయిదు వారాలు నా గదిలోనే ఉందువుగాని. నీ చేతి పులుసు తిని ఎన్నేళ్ళయిందో.

హన్ వదినకు నువ్వు చెప్పిన జవాబు చదివి నవ్వాను. చాలాసేపు నవ్వాను అక్కా.

నీ న్యుంగ్

* * *

సా దెక్
సెప్టెంబర్ 9

చెల్లీ,

నీ గదిలో అయిదు వారాలు ఉండి వచ్చాక ఈ ఇల్లు మరీ పెద్దదిగా కనిపిస్తోంది. నువ్వు డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు నా ఒళ్ళో పెట్టి పడుకునేదానివి చూడు, చిన్నప్పుడు పడవలో అలాగే పడుకునేదానివి. ఇక్కడ ఆ బరువు లేక ఒళ్ళు వెలితిగా ఉంది.

అరచేతులు పాము కుబుసంలా ఊడుతున్నాయి. వేలిముద్రలు చెరిగిపోయి ఫోన్ నన్ను గుర్తుపట్టడం మానేసింది. "పోనీలే, ఇక నీ ఫోన్ నేను చూడలేనన్న దిగులు నాకెందుకు, నువ్వే చూడలేకపోతున్నావు" అని మీ బావ ఆటపట్టించారు. అది తప్పితే సుఖంగా ఉన్నాను. రక్తం పడటం పూర్తిగా ఆగింది. కూర్చుంటే నొప్పి లేదు. ఏడాదిగా తినని పనసపండు కూడా రెండు తొనలు తిన్నాను, ఏమీ కాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మొన్న గొట్టం పెట్టి చూసిన తర్వాత లాం డాక్టరుగారు నన్ను చూసి పళ్ళన్నీ కనిపించేలా నవ్వారు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. బయట జనం కిక్కిరిసి ఉన్నారు కదా, హడావిడిగా "మీ చెల్లెలు మీకు అన్నీ వివరంగా చెప్తుంది. తొందరేం లేదు, బాగా ఆలోచించుకుని నిర్ణయం చెప్పండి" అన్నారు. దేని గురించి ఆలోచించుకోవాలి? నువ్వేమో మన ఖాయ్ అన్నయ్యనీ మీ బావనీ పక్కకు తీసుకెళ్ళావు. నేను బల్ల మీద కూర్చున్నాను. తిరిగి వచ్చి అన్నయ్య నాకు చెరుకురసం కొనిపెట్టాడు, ఐసు లేకుండా. చిన్నప్పటినుంచీ అన్నయ్య జేబులో చెయ్యి పెట్టాడంటే ఏదో చెడ్డవార్తే.

ఇంటికొచ్చాక మీ బావ "ఆపరేషన్ చేయించాలట" అన్నారు. తగ్గిన పుండుకు ఆపరేషనెందుకు అంటే మోటారు వేసుకుని చేమంతులకు నీళ్ళు పెట్టడానికి పోయారు. అప్పటికే తడిసి ముద్దయి ఉన్నాయి చేమంతులు.

నువ్వు చెప్పు.

నీ అక్క

* * *

సైగాన్
సెప్టెంబర్ 15

అక్కా,

ఆలోచించడానికి ఏమీ లేదు. డాక్టర్లు అందరితో అలాగే అంటారు, మర్యాదకు. పైకి మానినట్టు కనిపించినా అడుగున వేరు ఉంటుంది. కలుపు పైన కోసి వదిలేస్తే మళ్ళీ లేస్తుందని నీకు నేను చెప్పాలా? మొత్తం తీసేయిస్తే ఇక భయం ఉండదు. తర్వాత కొంతకాలం పొట్ట మీద సంచి పెట్టాల్సి రావచ్చు. నేను పక్కనే ఉంటాను.

అన్నయ్య, బావ, నేను ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. నీకు మంచిదేదో అదే చేస్తున్నాం. నన్ను నమ్ము.

న్యుంగ్

* * *

సా దెక్
డిసెంబర్ 3

చెల్లీ,

కుట్లు మానాయి. నెమ్మదిగా పూలమంచెల దాకా నడిచి వస్తున్నాను. తేత్ సంవత్సరాది పండగకు కోసే చేమంతులు మొగ్గ వేశాయి. పనివాళ్ళు మంచెల మధ్య చిన్న పడవల్లో తిరుగుతూ నీళ్ళు చల్లుతుంటే గట్టు మీద కుర్చీ వేసుకుని చూస్తున్నాను. ఎవరైనా దగ్గరికి వస్తే టోపీ తీసి పొట్ట మీద పెట్టుకుంటున్నాను.

సంచి మార్చడం నాకు వచ్చేసింది. ఆసుపత్రిలో నువ్వు ముక్కు చిట్లించకుండా, మాస్కు కూడా లేకుండా, పసిపిల్లకు కడిగినట్టు కడిగావు. అది నేను చచ్చేదాకా మరిచిపోను. ఇప్పుడు నేనే చేసుకుంటున్నాను. ఏది తింటే ఎంతసేపటికి నిండుతుందో తెలిసింది. ఉల్లికాడ మానేశాను, చేప జావ పడుతోంది. రాత్రిళ్ళు చప్పుడవుతుంది. మీ బావ నిద్రపోయినట్టు నటిస్తారు, ఆయన నిద్రపోతే గురక వస్తుందని నాకు తెలియదనుకుంటారు పాపం. ఆయన నా మొహం చూసి మాట్లాడి చాలా రోజులైంది. ఏదో తప్పు చేసినవాడిలా తిరుగుతున్నారు. నా ఒంటి వాసనకేమో అనుకున్నాను.

మామగారి తద్దినానికి నలభైమంది వచ్చారు. ఏటా వంట నాదే. ఈసారి అత్తగారు మెల్లగా, "నువ్వు గదిలో పడుకో తల్లీ, అలసిపోతావు" అన్నారు. పితరుల పీఠం దగ్గర పెట్టే అన్నం నేను వండకూడదని అర్థమైంది. తలుపు వేసుకుని కూర్చున్నాను. ఉప్పు తక్కువైందని వాసనను బట్టే తెలిసింది. పోయి చెప్పలేదు.

"కొంతకాలం" అన్నావు. ఎప్పుడు తీస్తారో కనుక్కుని రాయి. తేత్‌కు కాకపోయినా వచ్చే తద్దినానికైనా వంటింట్లో నిలబడాలని ఉంది.

నీ అక్క

* * *

సైగాన్
డిసెంబర్ 20

అక్కా,

రెండు పెట్టెల సంచులు పంపుతున్నాను. ఇవి మంచివి, చప్పుడు తక్కువ. చర్మం ఎర్రబడితే రాసుకోవడానికి పొడి కూడా పెట్టాను.

తీయడం గురించి ఇప్పుడే అడగొద్దు. ముందు ఒళ్ళు కోలుకోవాలి. ఫిబ్రవరిలో చూపించుకోవడానికి వస్తావుగా, అప్పుడు మాట్లాడుకుందాం.

బావను ఏమీ అనకు. ఆయన మంచివాడు.

న్యుంగ్

* * *

సా దెక్
ఫిబ్రవరి 26

న్యుంగ్,

మొన్న ఆసుపత్రిలో నువ్వు చీటీ తేవడానికి కింది అంతస్తుకు వెళ్ళావు. నా పక్కన బెన్‌చె నుంచి వచ్చినావిడ కూర్చుంది. పేరు సువాంగ్. కొబ్బరి మిఠాయి చేస్తుందట. పొట్లం విప్పి నా చేతిలో ఒకటి పెట్టింది. ఆ మాటలన్నీ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి, రాస్తున్నాను.

"నీదీ కిందేనా అక్కా?" అంది.

"కిందే. పుండు."

"పుండా!" అని పకపకా నవ్వింది. "ముద్దుపేరు బాగుంది. నేను నాదాన్ని మా అత్త అంటాను. వెళ్ళిందంటారు గానీ ఎప్పుడు తిరిగొచ్చి గుమ్మంలో నిలబడుతుందో తెలీదు. కొత్త మందు నీక్కూడా పడిందా?"

"పడింది. పూర్తిగా తగ్గింది కూడా."

ఆవిడ చూపు నా పొట్ట మీదికి పోయింది. "మరి సంచి ఎందుకు?"

"ఆపరేషన్ చేశారుగా."

"అయ్యో, నువ్వు కోతే కావాలన్నావా! నాక్కూడా మాయమైంది. లాం డాక్టరు కూర్చోబెట్టి అడిగారు. 'క్యాన్సరు కనపడటం లేదు. కోయించుకుంటే సంచి జీవితాంతం. వద్దంటే మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలి, నలుగురిలో ఒకరికి తిరిగి రావచ్చు, అప్పుడు కోస్తాం. మీ ఇష్టం' అన్నారు. వారం రోజులు ఏడ్చాను. మా ఆయన కోయించుకో, కోయించుకో అని ప్రాణం తీశాడు. 'సంచి తగిలించేది నీ పొట్టకా నా పొట్టకా' అన్నాను. చివరికి, ఉండనిద్దాం, చూద్దాం అన్నాను. ఎవరి ధైర్యం వాళ్ళది. నువ్వు అలా అనుకున్నావు."

మిఠాయి దవడకు అతుక్కుపోయింది. జుట్టు పట్టుకుని చూపించి, "ఇది రాలలేదు" అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

"ఈ మందుకు రాలదమ్మా. నీకెవరూ చెప్పలేదా?"

అప్పుడు నువ్వు వచ్చావు. సువాంగ్ నిన్ను చూసి, "మా న్యుంగ్ నర్సు బంగారం, అన్నీ విడమరిచి చెప్తుంది" అంది. నువ్వు తెల్లబోయావు. నేను లేచి నడిచాను. నీతో కలిసి అన్నం కూడా తిన్నాను. బస్టాండులో నువ్వు నా మెడకు కండువా చుడితే చుట్టించుకున్నాను.

ఇంటికొచ్చి మీ బావను అడిగాను. "నేనేం చేసేది? ఖాయ్ అన్నయ్య అలా అన్నాడు, న్యుంగ్ సరే అంది. చదువుకున్నది" అన్నారు. ఆ రాత్రి నిజంగానే నిద్రపోయారు. గురక విన్నాను. దించుకోవలసిన బరువు దించుకున్నారు మరి.

నాకు ఒక్క సంగతి రాయి. నన్నడిగి రమ్మని డాక్టరు నిన్ను పంపితే, వెళ్ళి నా జవాబేమని చెప్పావు?

థామ్

* * *

సైగాన్
మార్చి 4

అక్కా,

"అక్క ఆపరేషనే కావాలంది" అని చెప్పాను.

నువ్వు అడిగావు, రాశాను. ఇప్పుడు నా మాట కూడా విను.

జబ్బు పేరు రోగికి చెప్పే ఇల్లు మన ఊళ్ళో ఒక్కటి చూపించు. మేనమామకు చెప్పామా? అమ్మకు చెప్పామా? అమ్మ నా చెయ్యి పట్టుకుని "వాతమేనా?" అంటే నువ్వే కదా "వాతమే అమ్మా, వానాకాలం పోతే తగ్గుతుంది" అన్నావు. పేరు వింటే మనిషి అన్నం మానేస్తుంది, గోడవైపు తిరిగి పడుకుంటుంది అని నాకు నేర్పింది మీరే. అన్నయ్య మొదటిరోజే తేల్చేశాడు: "థామ్‌కు తెలియకూడదు. తెలిస్తే బతకదు." పరిశోధనలో చేరాలంటే రోగికి అన్నీ చెప్పాలి, అది రూలు. చెప్పకపోతే మందు దొరకదు. మందు లేకపోతే నువ్వు లేవు. నీకు అన్నీ చెప్పానని డాక్టరుతో చెప్పాను.

ఒకసారి అలా చెప్పాక వెనక్కి ఎలా రాను? ఆగుదామా కోద్దామా అని నిన్నడగాలంటే ముందు నీకు క్యాన్సరని చెప్పాలి. ఆరు నెలలు దాచినది ఒక్కసారిగా ఎలా చెప్పను? ముగ్గురం కూర్చున్నాం. "నలుగురిలో ఆ ఒక్కరూ మన థామే అయితే?" అన్నాడు అన్నయ్య. బావ ఏడుస్తున్నాడు. ఆ ఒక్కరూ నువ్వే అయితే నన్ను నేను క్షమించుకోగలనా? నువ్వే చెప్పు, నా చోట నువ్వుంటే ఏం చేసేదానివి?

ఇంకొకటి కూడా చెప్తాను, ఇక దాచి ఏం లాభం. కోసి తీసినదాన్ని పరీక్ష చేస్తే ఒక్క చెడ్డ కణం కూడా దొరకలేదు. ఆ రిపోర్టు చూసి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. సంతోషానికే ఏడుస్తున్నానని అనుకున్నాను. సంచి తీయరు అక్కా. తీసి మళ్ళీ కలపడానికి కింద ఏమీ మిగల్చలేదు.

ఆ సువాంగ్‌కు రేపు తిరిగి వస్తే అప్పుడు ఎవరిది మంచి నిర్ణయమో తెలుస్తుంది.

లాం డాక్టరుకు చెప్పకు. చెబితే నా ఉద్యోగం పోతుంది. అంతటితో ఆగదు, నర్సు లైసెన్సే లాక్కుంటారు. ప్రేమతో చేశాను. ఆ ఒక్కటీ నమ్ము.

నీ న్యుంగ్

* * *

సా దెక్
మార్చి 17

న్యుంగ్,

నీ ఉత్తరం చదివి చాలా రోజులు ఊరుకున్నాను. కోపంలో రాస్తే మాటలు ఎక్కువ తక్కువ పడతాయి. ఇప్పుడు కోపం తగ్గిందని కాదు, అక్షరాలు కుదురుగా వస్తున్నాయి, అంతే.

ప్రేమతో చేశావని నమ్ముతున్నాను. నన్ను కడిగిన చేతులు నాకు తెలుసు. అందుకే ఎక్కువ మండుతోంది. అన్నయ్య మీద నాకు అంత కోపం రాలేదు, ఆయన నా పెళ్ళి కూడా నన్నడిగి చేయలేదు. నువ్వు రోజూ పదిమందికి కూర్చోబెట్టి విడమరిచి చెప్పే మనిషివి. బెన్‌చె ఆవిడకు చెప్పావు. ఆవిడ వారం ఏడిస్తే టీ ఇచ్చి ఓదార్చి ఉంటావు. నీ పనిలో ఎంత మంచిదానివో పరాయి మనిషి నోటి నుంచి వినవలసి వచ్చింది.

అమ్మ మాట ఎత్తావు. అమ్మను అడగడానికి అప్పుడు ఏముంది? మందు లేదు, కోత లేదు, రెండు దారులు లేవు. నాకు ఉన్నాయి. ఒక దారి నేను చూడకముందే మూసేశారు.

నీ చోట నేనుంటే ఏం చేసేదాన్నో తెలియదు. నా చోట నేనుంటే? బహుశా కోతే కావాలనేదాన్నేమో. భయస్థురాలినే కదా. లేదా సువాంగ్‌లా ఉండనిద్దాం అనేదాన్నేమో. ఎన్నిసార్లు ఆలోచించినా తేలడం లేదు, ఇక తేలదు కూడా. పేగు పోతే పోయింది. ఏడుస్తూనో తిట్టుకుంటూనో ఆవిడ ఆలోచించుకున్న ఆ వారం నాది కూడా. అది నాకు లేకుండా చేశారు. సువాంగ్‌కు తిరిగి వచ్చినా సరే, ఆవిడ నిన్నూ డాక్టరునూ తిట్టుకోదు. తనకు తాను చెప్పుకోవడానికి ఆవిడకు ఒక మాట ఉంది.

ఇంకో సంగతి నన్ను నిద్రపోనివ్వడం లేదు. పరిశోధనలో చేరినవాళ్ళకు ఏమైందో ప్రతిదీ రాసుకుంటారని నువ్వే ఒకసారి అన్నావు. అంటే మందుతో మాయమైనవాళ్ళలో ఎంతమంది కోత కోరారు, ఎంతమంది ఆగారు, ఎవరు ఎలా ఉన్నారు అన్నది కూడా రాసుకుంటారు. ఆ లెక్కలో నేను కోత కోరుకున్న మనిషిని. రేపు ఎక్కడో ఒక డాక్టరు ఇంకో ఆడమనిషితో, "చెప్పి చూశాం, చాలామంది కోతే కావాలన్నారు" అంటాడు. ఆ చాలామందిలో నేనుంటాను, అనని మాట అన్నదాన్నై. ఈ ఇంటి ఖర్చులో ఒక్క కాసు తేడా వచ్చినా మొదటినుంచి మళ్ళీ వేసుకునేదాన్ని. ప్రాణాల లెక్కలో అబద్ధంగా కూర్చోలేను.

కాబట్టి లాం డాక్టరుకు చెప్తాను. పై శుక్రవారం ఆయన్ను కలవడానికి వస్తున్నాను. మీ బావ తోడు రారు, వద్దన్నాను. నీ ఉద్యోగం ఏమవుతుందో నాకు తెలియదు. పోకూడదని ఉంది. అయినా చెప్తాను. సువాంగ్‌కు చెప్పినట్టు అందరికీ చెప్పే నర్సు ఆ ఆసుపత్రికి అవసరమని కూడా ఆయనతో అంటాను. అది కూడా నిజమే కాబట్టి.

హఠాత్తుగా వచ్చి ఆయన ముందు నోరు విప్పొచ్చు. నీకు తెలిసేసరికి అంతా అయిపోయి ఉండేది. అలా చేయబుద్ధి కాలేదు. అది ఎలా ఉంటుందో నాకు తెలుసు. అందుకే వారం ముందు రాస్తున్నాను.

నేను వచ్చేలోపు నువ్వే వెళ్ళి ఆయనకు చెప్పొచ్చు. నేను చెప్తుంటే పక్క కుర్చీలో కూర్చోవచ్చు. సెలవు పెట్టి ఇంట్లో తలుపేసుకోవచ్చు. అన్నయ్యను అడగకు, మీ బావకు ఫోన్ చేయకు. ఏడిస్తే ఏడువు, తిడితే తిట్టు, వారం ఉంది.

నీకేది ఇష్టమో చెప్పు. నిన్ను అడుగుతున్నాను.

అక్క